అంతర్నిర్మిత సాఫ్ట్‌వేరు తొలగింపు

కంప్యూటరు లేదా మొబైల్ ఫోనుతో పాటే వచ్చిన సాఫ్ట్‌వేరును తీసివేయడాన్ని, లేదా దాని కొత్త కూర్పును తొలగించి పాత కూర్పుకు తిరిగి వెళ్ళడాన్ని అంతర్నిర్మిత సాఫ్ట్‌వేరు తొలగింపు అంటారు. వాడుకరి తానే తెచ్చి స్థాపించుకున్న ప్రోగ్రామును తీసివేయడం సాధారణంగా సులువు. యంత్రంతో పాటు వచ్చిన ప్రోగ్రాము విషయం అలా కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఇతర భాగాలు దానిపై ఆధారపడి ఉండటం వలన గానీ, తయారీదారు అందుకు అనుమతించక పోవడం వలన గానీ ఈ పని తరచు కష్టమవుతుంది, కొన్నిసార్లు అసాధ్యమవుతుంది. మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరు ఇందుకు అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ సమస్య అమెరికాలోను, భారతదేశంలోను న్యాయవివాదాలకు కూడా దారితీసింది.

మామూలు తొలగింపుతో పోలిక

మామూలు ప్రోగ్రామును స్థాపించినపుడు దాని ఫైళ్ళు ఒక ఫోల్డరులో చేరతాయి. వాటి వివరాలు ఒక జాబితాలో నమోదవుతాయి. తొలగించమని ఆదేశిస్తే ఆ జాబితా ప్రకారం ఫైళ్ళు చెరిగిపోతాయి. ఆ తరువాత ఎప్పుడైనా పాత కూర్పును తెచ్చి మళ్ళీ స్థాపించుకోవచ్చును.

అంతర్నిర్మిత సాఫ్ట్‌వేరులో తొలగింపు అనే మాటకు కనీసం నాలుగు అర్థాలు ఉన్నాయి.

1. తెరపై కనిపించే గుర్తును మాత్రమే తీసివేయడం. ఫైళ్ళన్నీ యథాతథంగా ఉంటాయి.
2. ప్రోగ్రామును నిలిపివేయడం. ఫైళ్ళు ఉంటాయి గానీ ప్రోగ్రాము నడవదు.
3. నవీకరణను మాత్రమే తీసివేయడం. యంత్రంలో భద్రపరచి ఉన్న పాత కూర్పు మళ్ళీ అమలులోకి వస్తుంది.
4. ఫైళ్ళన్నిటినీ పూర్తిగా చెరిపివేయడం.

వాడుకరి నాలుగవది కోరుకుంటే తయారీదారు మొదటిది ఇవ్వడం ఈ రంగంలో సర్వసాధారణం. ఈ అంశంపై నడిచిన వివాదాలలో చాలావరకు ఈ అర్థభేదం నుండి పుట్టినవే.

ఇబ్బందికి కారణాలు

ఉమ్మడి ఫైళ్ళు: ఒకే ఫైలును అనేక ప్రోగ్రాములు వాడుకుంటాయి. ఉదాహరణకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వెబ్ పేజీని చూపించే ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ అనే భాగాన్ని విండోస్ సహాయ పేజీలు, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఈమెయిలు ప్రోగ్రాము కూడా వాడుకున్నాయి. బ్రౌజరుతో పాటు ఈ భాగాన్ని కూడా చెరిపివేస్తే అవి పనిచేయవు.

ఫైళ్ళ రక్షణ: విండోస్ 2000 నుండి ముఖ్యమైన సిస్టమ్ ఫైళ్ళకు కాపలా ఏర్పాటు చేయబడింది. అటువంటి ఫైలును ఎవరైనా చెరిపినా, దాని స్థానంలో పాతది పెట్టినా, సిస్టమ్ తన వద్ద దాచుకున్న ప్రతిని వెంటనే అక్కడ ఉంచుతుంది. ఇతర ప్రోగ్రాములు సిస్టమ్ ఫైళ్ళను పాడుచేయకుండా ఇది కాపాడింది. అదే సమయంలో వాడుకరి కావాలని చేసే మార్పులను కూడా ఇది అడ్డుకుంది.

పాత ప్రతి లేకపోవడం: వెనుకకు వెళ్ళాలంటే పాత ఫైళ్ళు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. డిస్కులో జాగా కోసం వాటిని చెరిపివేస్తే దారి మూసుకుపోతుంది.

అనుమతి లేకపోవడం: ఐఫోను వంటి పరికరాలలో ఏ కూర్పును స్థాపించాలన్నా దానికి తయారీదారు సర్వరు నుండి డిజిటల్ సంతకం కావాలి. పాత కూర్పులకు సంతకం చేయడం ఆపివేస్తే, ఆ ఫైలు చేతిలో ఉన్నా ప్రయోజనం లేదు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మొదటి కూర్పు 1995 ఆగస్టులో విడుదలయింది. 1997లో వచ్చిన 4వ కూర్పు విండోస్ డెస్క్‌టాప్‌తో ముడిపడింది. 1998 జూన్ 25న విడుదలైన విండోస్ 98లో ఇది విడదీయరాని భాగంగా వచ్చింది. ఆనాటి ప్రధాన పోటీదారు నెట్‌స్కేప్ నావిగేటర్.

న్యాయస్థానంలో వివాదం

విండోస్ 95ను అమ్మే కంప్యూటరు తయారీదారులు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను కూడా తప్పనిసరిగా ఇవ్వాలని మైక్రోసాఫ్ట్ విధించిన షరతుపై అమెరికా న్యాయశాఖ 1997 అక్టోబరులో కోర్టుకు వెళ్ళింది. 1997 డిసెంబరు 11న న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆ షరతును తాత్కాలికంగా నిలిపివేశాడు. దీనికి స్పందనగా మైక్రోసాఫ్ట్ తయారీదారులకు రెండు దారులు చూపింది. ఒకటి, రెండేళ్ళకు పైబడిన పాత విండోస్ 95. రెండవది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫైళ్ళన్నీ తీసివేసిన విండోస్. ఈ రెండవది పనిచేయదని సంస్థే చెప్పింది.

కోర్టు సిబ్బందిలో ఒకరు కొత్త కంప్యూటరులో ప్రోగ్రాములను తొలగించే మామూలు పద్ధతిలోనే 90 సెకన్ల లోపు బ్రౌజరును తీసివేయగా విండోస్ చక్కగా పనిచేసిందని న్యాయమూర్తి పేర్కొన్నాడు. ఆ పద్ధతిలో చాలా ఫైళ్ళు అలాగే మిగిలి ఉంటాయని, అది నిజమైన తొలగింపు కాదని మైక్రోసాఫ్ట్ వాదించింది. కనిపించకుండా పోతే చాలునా, ఫైళ్ళు కూడా పోవాలా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

1998 మే 18న ప్రభుత్వం మరింత విస్తృతమైన దావా వేసింది. ఈ విచారణలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ విండోస్ 98 నుండి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను తొలగించే ప్రోగ్రామును తయారుచేసి సాక్ష్యమిచ్చాడు. దానిని వాడితే విండోస్ పనితీరు దెబ్బతింటుందని చూపడానికి మైక్రోసాఫ్ట్ 1999 ఫిబ్రవరిలో ఒక వీడియోను ప్రదర్శించింది. ఆ వీడియో దృశ్యాలలో పొంతన లేదని ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బోయిస్ ఎత్తిచూపగా సంస్థ ప్రదర్శనను మళ్ళీ చిత్రీకరించవలసి వచ్చింది.

2000 జూన్‌లో జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ను రెండుగా విభజించాలని ఆదేశించాడు. 2001 జూన్ 28న అప్పీలు న్యాయస్థానం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అయితే ప్రోగ్రాముల తొలగింపు జాబితాలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను చేర్చకపోవడం, బ్రౌజరు కోడును ఆపరేటింగ్ సిస్టమ్ కోడుతో కలిపివేయడం పోటీకి విఘాతం కలిగించే చర్యలేనన్న నిర్ణయాన్ని సమర్థించింది. తరువాత కుదిరిన రాజీకి అనుగుణంగా 2002లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1లో ఒక కొత్త సదుపాయం వచ్చింది. దీనితో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గుర్తులను దాచి, మరొక బ్రౌజరును ప్రధాన బ్రౌజరుగా ఎంచుకోవచ్చును. ఫైళ్ళు మాత్రం కంప్యూటరులోనే ఉండిపోయాయి.

పాత కూర్పుకు తిరిగి వెళ్ళడం

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. 7వ కూర్పు 2006 అక్టోబరు 18న, 8వ కూర్పు 2009 మార్చి 19న విడుదలయ్యాయి. కొన్ని కార్యాలయాల, బ్యాంకుల వెబ్‌సైట్లు 6వ కూర్పునకు మాత్రమే తగినట్లు తయారై ఉండటం వలన చాలామంది కొత్త కూర్పును తీసివేయాలనుకున్నారు.

ఎక్స్‌పీలో 7వ కూర్పును స్థాపించేటపుడు 6వ కూర్పు ఫైళ్ళు విండోస్ ఫోల్డరులోని ఒక రహస్య ఉపఫోల్డరులో భద్రపరచబడతాయి. 7వ కూర్పును తొలగిస్తే ఈ పాత ఫైళ్ళు తిరిగి తమ స్థానాలకు చేరతాయి. కనుక ఇది తొలగింపు అనడం కంటే పునరుద్ధరణ అనడం సబబు. దీనివలన రెండు పరిమితులు ఏర్పడ్డాయి. మొదటిది, ఎక్స్‌పీతో పుట్టిన 6వ కూర్పు వెనుక ఏమీ లేదు కనుక దానిని ఈ పద్ధతిలో తీసివేయడం కుదరదు. రెండవది, జాగా కోసం ఆ ఉపఫోల్డరును చెరిపివేసిన వారికి వెనుకకు వెళ్ళే మార్గం ఉండదు.

విండోస్ విస్టాలో 7వ కూర్పు, విండోస్ 7లో 8వ కూర్పు అంతర్నిర్మితాలు. అందువలన ఆ వ్యవస్థలలో అంతకంటే వెనుకకు వెళ్ళడం సాధ్యపడలేదు. విండోస్ 7లో వాడుకరి 9వ కూర్పును స్థాపించుకుంటే, దానిని ప్రోగ్రాముల జాబితాలో కాక నవీకరణల జాబితాలో వెతికి తీసివేయవలసి ఉండేది. ఇది తెలియక చాలామంది తొలగింపు అసాధ్యమని భావించారు.

సర్వీస్ ప్యాక్ 3తో చిక్కు

2008 మే 6న ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 విడుదలయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 ఉన్న కంప్యూటరులో ఆ తరువాత సర్వీస్ ప్యాక్ 3ను స్థాపిస్తే, 7వ కూర్పును తొలగించే మీట పనిచేయకుండా పోయేది. ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వకంగా చేసినదే. భద్రపరచిన 6వ కూర్పు ఫైళ్ళు సర్వీస్ ప్యాక్ 2 నాటివి. వాటిని సర్వీస్ ప్యాక్ 3 ఫైళ్ళ నడుమ తెచ్చిపెడితే రెండు తరాల ఫైళ్ళు కలగలిసి కంప్యూటరు సక్రమంగా పనిచేయదు. అందుచేత మైక్రోసాఫ్ట్ ఆ దారిని మూసివేసింది.

దీనికి పరిష్కారం వచ్చిన దారినే వెనుకకు నడవడం. ముందుగా సర్వీస్ ప్యాక్ 3ను, తరువాత 7వ కూర్పును తొలగించి, చివరగా సర్వీస్ ప్యాక్ 3ను మళ్ళీ స్థాపించాలి. సర్వీస్ ప్యాక్ 3 తరువాత 7వ కూర్పును స్థాపించుకున్న వారికి ఈ చిక్కు లేదు. అంటే ఏ ఫైళ్ళు ఉన్నాయన్నదే కాక, అవి ఏ వరుసలో వచ్చాయన్నది కూడా ముఖ్యమే.

సర్వీస్ ప్యాక్ 3 పూర్తి ఫైలు పరిమాణం సుమారు 316 మెగాబైట్లు. సెకనుకు 56 కిలోబిట్ల టెలిఫోను మోడెముపై దానిని దించుకోవడానికి, ఆటంకం లేకుండా పూర్తి వేగం అందినా, పన్నెండు గంటలకు పైగా పడుతుంది. కాబట్టి తొలగించి మళ్ళీ స్థాపించడమనే సలహా అందరికీ ఒకే విధంగా ఉపయోగపడదు. ఉదాహరణకు 2008లో వరంగల్ జిల్లాలో ఉండి, 2019 నుండి ములుగు జిల్లాలో భాగమైన ఏటూరునాగారం వరంగల్ నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, అటవీ ప్రాంతంలో ఉన్న మండల కేంద్రం. నగరంలో స్థాపక సీడీ, మరమ్మతు దుకాణం అందుబాటులో ఉన్నవారికి ఒక పూట పని అయినది, ఇంత దూరాన ఉన్నవారికి కంప్యూటరుతో పాటు చేయవలసిన ప్రయాణం కావచ్చును.

తెలుగు పాఠకులపై ప్రభావం

తెలుగు పాఠకులకు బ్రౌజరు ఎంపిక, అక్షరాలు కనిపించడం ఒకదానితో ఒకటి ముడిపడిన విషయాలు. యూనికోడ్ తెలుగులోని గుణింతాలను, ఒత్తులను సరిగా అమర్చి చూపే పని విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే అంతర్నిర్మిత భాగానిది. తెలుగుకు ఈ సదుపాయం, గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చాయి. ఎక్స్‌పీలో కూడా సంక్లిష్ట లిపుల తోడ్పాటును వాడుకరి విడిగా చేతనం చేసుకోవలసి ఉండేది.

మరోవైపు ఈనాడు వంటి పత్రికల వెబ్‌సైట్లు అప్పట్లో యూనికోడ్‌కు బదులు సొంత ఫాంట్లను వాడాయి. పేజీతో పాటే ఫాంటును పంపే డైనమిక్ ఫాంటు విధానం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసేది. అందువలన ఫైర్‌ఫాక్స్ వాడేవారు కూడా తెలుగు పత్రికల కోసం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఉంచుకోవలసి వచ్చింది. ఇటువంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను నాగార్జున వెన్న రూపొందించాడు. పత్రికలు యూనికోడ్‌కు మారడంతో ఈ అవసరం తీరిపోయింది. ఒక అంతర్నిర్మిత ప్రోగ్రాము నుండి విముక్తి పొందడానికి దానిని తొలగించడం ఒక్కటే మార్గం కాదని, దానిపై ఆధారపడిన సమాచారాన్ని ఉమ్మడి ప్రమాణంలోకి మార్చడం మరింత శాశ్వతమైన మార్గమని ఇది తెలుపుతుంది.

ముగింపు దశ

2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మద్దతును విరమించింది. 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్ బ్రౌజరు నవీకరణ ద్వారా విండోస్ 10లోని చాలా కంప్యూటర్లలో దానిని నిలిపివేసింది. అయినప్పటికీ పాత వెబ్‌సైట్ల కోసం ఎడ్జ్‌లో ఉంచిన ప్రత్యేక పద్ధతికి కనీసం 2029 వరకు మద్దతు ఇస్తామని సంస్థ ప్రకటించింది. ఆ పద్ధతి పాత ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ భాగాన్నే వాడుకుంటుంది. ఒకప్పుడు వాడుకరులు తీసివేయలేకపోయిన భాగాన్ని తయారీదారు కూడా పూర్తిగా తీసివేయలేకపోవడం గమనార్హం.

మొబైల్ ఫోన్లు

ఆండ్రాయిడ్

ఆండ్రాయిడ్ ఫోనుతో వచ్చిన ఆప్‌లు సాధారణ వాడుకరి మార్చలేని సిస్టమ్ విభాగంలో ఉంటాయి. వాటి నవీకరణలు వేరొక విభాగంలో చేరతాయి. నవీకరణలను తొలగించమని కోరితే ఈ రెండవ ప్రతి చెరిగిపోయి, ఫోను తయారైనపుడు ఉన్న కూర్పు మళ్ళీ పనిచేస్తుంది. దానితో పాటు ఆ ఆప్‌లోని సమాచారం కూడా పోతుంది. నడుమ వచ్చిన కూర్పులలో ఒకదానిని ఎంచుకునే వీలు ఈ పద్ధతిలో లేదు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుండి అనేక అంతర్నిర్మిత ఆప్‌లను నిలిపివేసే సదుపాయం ఉంది. నిలిపివేసిన ఆప్ నడవదు, కానీ సిస్టమ్ విభాగంలో అది ఆక్రమించిన జాగా ఖాళీ కాదు.

2021 మార్చి 22, 23 తేదీలలో ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా అక్కరకు వచ్చింది. ఇతర ఆప్‌లలో వెబ్ పేజీలను చూపే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన నవీకరణలోని లోపం వలన జీమెయిల్ సహా అనేక ఆప్‌లు తెరిచిన వెంటనే మూతబడ్డాయి. తప్పు తాము వాడుతున్న ఆప్‌లో లేదని, తాము ఎన్నడూ పేరు వినని అంతర్నిర్మిత భాగంలో ఉందని వాడుకరులకు వెంటనే తెలియలేదు. వెబ్‌వ్యూ నవీకరణను తొలగించిన వారి ఫోన్లు తిరిగి పనిచేశాయి. తరువాత గూగుల్ సరిచేసిన కూర్పును విడుదల చేసింది.

ఐఫోను, తెలుగు అక్షర సమస్య

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసిన ఉదంతం వార్తలకెక్కింది. జ, పొల్లు, ఞ, వీటి తరువాత అక్షరాలను కలవనీయని ఒక అదృశ్య సంకేతం, చివర దీర్ఘం అనే వరుస తెరపైకి రాగానే ఐఓఎస్ 11.2.5లోని అక్షరాలను చూపే అంతర్నిర్మిత భాగం విఫలమయ్యేది. సందేశాన్ని చూపబోయిన ఆప్ మూతబడేది. నోటిఫికేషనులో వస్తే ఫోనే స్తంభించేది. మ్యాక్ కంప్యూటర్లు, ఆపిల్ వాచీలు కూడా దీని బారిన పడ్డాయి. అదృశ్య సంకేతం లేకుండా మామూలుగా రాసే "జ్ఞానం" వంటి మాటలతో ఏ ఇబ్బందీ లేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలు కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయని మొజిల్లా ఇంజనీరు మనీష్ గోరేగావ్‌కర్ విశ్లేషించి చూపాడు. అనగా లోపం తెలుగు లిపిలో లేదు, దానిని చూపే సాఫ్ట్‌వేరులో ఉంది.

అక్షరాలను చూపే భాగాన్ని విడిగా తొలగించే వీలు ఐఓఎస్‌లో లేదు. పాత ఐఓఎస్‌కు వెళ్ళడం ఆపిల్ సంతకంపై ఆధారపడిన విషయం. కాబట్టి ఇక్కడ పరిష్కారం వెనుక కాక ముందే ఉంది. అప్పటికి పరీక్షా దశలో ఉన్న ఐఓఎస్ 11.3లో ఈ లోపం లేదు. 2018 ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో సమస్య అందరికీ తొలగిపోయింది.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో ఈ విషయం ఆండ్రాయిడ్ ఫోన్ల సందర్భంగా ముందుకు వచ్చింది. 2022 అక్టోబరు 20న భారత పోటీ కమిషన్ గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా విధించింది. ముందుగా స్థాపించిన తన ఆప్‌లను వాడుకరులు తొలగించుకోకుండా గూగుల్ అడ్డుకోరాదన్నది కమిషన్ ఇచ్చిన ఆదేశాలలో ఒకటి. 2023 మార్చి 29న జాతీయ కంపెనీ చట్ట అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది గానీ, ఈ ఆదేశంతో సహా నాలుగు ఆదేశాలను కొట్టివేసింది.

2025 నవంబరు చివరలో సంచార్ సాథీ ఆప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందుగానే స్థాపించాలని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ తయారీదారులను ఆదేశించింది. పౌరుల గోప్యతపై విమర్శలు రావడంతో డిసెంబరు 3న ఈ నిబంధనను ఉపసంహరించుకుంది. తయారీదారు అయినా, ప్రభుత్వమైనా, ఫోను కొన్నవారికి తెలియకుండా అందులో ఏమి ఉంచవచ్చునన్న ప్రశ్న ఈ రెండు ఉదంతాలలోనూ ఉన్నది.

ఐరోపాలో డిజిటల్ విపణుల చట్టం కారణంగా 2024 నుండి ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని విండోస్ వాడుకరులు ఎడ్జ్ బ్రౌజరును తొలగించుకోగలుగుతున్నారు.

పాత కూర్పు వలన నష్టాలు

పాత కూర్పు అలవాటైనది కావచ్చును గానీ, అది సురక్షితమైనదని అర్థం కాదు. నవీకరణలలో చాలావరకు భద్రతా లోపాలను సరిచేయడానికి వచ్చేవే. ఒక లోపాన్ని సరిచేసినట్లు ప్రకటించగానే అది దాడిచేసే వారికి కూడా తెలుస్తుంది. కనుక పాత కూర్పు వాడేవారికి ప్రమాదం మునుపటి కంటే ఎక్కువవుతుంది. అంతర్నిర్మిత బ్రౌజరు విషయంలో ఈ ప్రమాదం దానిని తెరవని వారికి కూడా ఉంటుంది, ఎందుకంటే దాని భాగాలను ఇతర ప్రోగ్రాములు వాడుతూనే ఉంటాయి.

జాగ్రత్తలు

* తొలగించే ముందు సొంత ఫైళ్ళను, సంకేతపదాలను, బుక్‌మార్కులను వేరొక చోట భద్రపరచుకోవాలి.
* సమస్య నిజంగా ఆ కూర్పు వల్లనే వచ్చిందో లేదో నిర్ధారించుకోవాలి. బ్రౌజరు విషయంలో పొడిగింతలను నిలిపివేసి చూడటం మొదటి మెట్టు.
* నవీకరణలు వచ్చిన వరుసను గమనించి, చివర వచ్చినదానిని మొదట తొలగించాలి.
* సిస్టమ్ ఫైళ్ళను చేతితో చెరపరాదు. అపరిచిత వెబ్‌సైట్లలో దొరికే సిస్టమ్ ఫైళ్ళను తెచ్చి పెట్టరాదు.
* పాత కూర్పు ఒక్క వెబ్‌సైటు కోసమే అవసరమైతే, దానిని వర్చువల్ యంత్రంలో నడపడం మేలు.
* అవసరం తీరిన వెంటనే సరిచేసిన కొత్త కూర్పుకు మారాలి.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్
* మొజిల్లా ఫైర్‌ఫాక్స్
* యూనికోడ్
* భారత పోటీ కమిషన్